తుఫాను తిన్న ప్రసాదం

రత్తయ్యకు భక్తి ఎక్కువ, చదువు తక్కువ, షుగరు మూడు వందలు. మొదటి రెండూ ఊరందరికీ తెలుసు. మూడోదాన్ని మాత్రం ఆయన రక్తపరీక్ష కాగితంతో సహా మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు. దేవుడికి తెలిస్తే చాలు, మనుషులకెందుకు అని.

ఆయనది బందరు గిలకలదిండిలో ఎండుచేపల వ్యాపారం. దివిసీమలో నాగాయలంక వైపు వెళ్ళి సరుకు కొనుక్కొచ్చి, గుడివాడ తీసుకెళ్ళి అమ్ముతాడు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం బాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. ఆ ఐదు రోజులూ ఇంట్లో నీచు వండరు. ఒళ్ళంతా చేపల వాసనతో ఇంటికొచ్చి, తలారా స్నానం చేసి, పప్పూ వంకాయకూరతో అన్నం తింటాడు. "మనలాంటోళ్ళు ఇంకో పదిమంది ఉంటే సముద్రంలో చేపలు ముసలితనంతో చస్తాయి" అనేది భార్య సూర్యకుమారి.

కూతురికి పెళ్ళై గుడివాడ వెళ్ళాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరూ, కుక్కా. కుక్క పేరు తుఫాను. తొంభైలో మే నెల గాలివాన వెళ్ళిన నాలుగో రోజున రత్తయ్య తన సరుకు ఏమైందో చూసుకుందామని నాగాయలంక వెళ్ళాడు. సరుకు లేదు. సరుకు పెట్టిన పాక కూడా లేదు. ఖాళీ గంప ఒకటి బోర్లా పడి ఉంది. అదైనా మిగిలిందిలే అని ఎత్తితే, కింద అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల. దాన్ని అదే గంపలో పెట్టుకొచ్చి ఇంటి ముందు దించాడు.

"సరుకేదయ్యా?" అంది సూర్యకుమారి.

"ఇదే" అన్నాడు.

రత్తయ్య ఇంట్లో చేరాక తుఫానుకీ వారాలు తప్పలేదు. నీచు లేని రోజు దానికీ పప్పన్నమే. ఏకాదశి నాడు పూజయ్యేదాకా దానికీ పస్తే. బందరు మొత్తం మీద శనివారాలు చేసే కుక్క తమదొక్కటేనని రత్తయ్య గర్వంగా చెప్పుకునేవాడు. కుక్క అభిప్రాయం ఎవరూ అడగలేదు. శనివారం సాయంత్రాలు అది ఒంటరిగా వలలు దులిపేచోటికి వెళ్ళి, మూతి నాక్కుంటూ తిరిగి రావడాన్ని బట్టి, అభిప్రాయం ఉండే ఉంటుంది.

రత్తయ్యకు షుగరని తేలింది తొంభై నాలుగులో. డాక్టరు మాత్రలు రాసి తీపి మానెయ్యమన్నాడు. కాఫీలో పంచదార మానడానికి వారం పట్టింది. బందరు లడ్డు మానడానికి నెల పట్టింది. రెండూ మానాడు. చిక్కంతా ప్రసాదం దగ్గరే వచ్చింది. వద్దంటే అపచారం. తింటే రోగం. పారేస్తే ఆ రెండింటినీ మించిన పాపం. వీధి చివర ఆంజనేయస్వామి గుడిలో పూజారి ఆచార్యులు గారిది పెద్ద చెయ్యి. చక్రపొంగలి పెట్టారంటే దొన్నె నిండాల్సిందే. "నాకు షుగరండీ, కొంచెం చాలు" అని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట రత్తయ్య నోరు దాటలేదు. వరసలో వెనక నలుగురుంటారు. స్వామి ముందు నిలబడి రోగం చెప్పుకుంటే, ఇన్ని పూజలు చేసి నీకొరిగిందేంటి అని వాళ్ళు అనుకోరూ? తన పరువంటే సరే, స్వామి పరువో?

అలా స్వామి పరువు కాపాడే భారం తుఫాను మీద పడింది. రత్తయ్య ఒక్క మెతుకు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాదంతా ఇంటికి తెచ్చి కుక్కకు పెట్టేవాడు. "అన్ని జీవుల్లోనూ ఆయనే ఉన్నాడు గదా" అనేవాడు. వేదాంతంలో తప్పేమీ లేదు. సరిగ్గా ఆ వేళకి అది గుర్తుకు రావడంలోనే ఉంది తెలివంతా. మంగళవారం అప్పాలు, గురువారం కేసరి, శుక్రవారం పరమాన్నం, శనివారం చక్రపొంగలి. అలా ఏడేళ్ళు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు దేవుడి తీపినంతా కుక్క ఒంట్లో పోసి, తన ఒంట్లో షుగరు అదుపులో ఉందని మళ్ళీ గుడికే వెళ్ళి దణ్ణం పెట్టుకునేవాడు.

రెండు వేల ఒకటి ఎండాకాలంలో తుఫాను నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. బొచ్చె ఖాళీ చేసి, ఆ తర్వాత కుళాయి కింద బకెట్లో మూతి పెట్టేది. తాగిందంతా గేటు దగ్గర పోసేది. తిండి తగ్గలేదు, ఇంకా పెట్టమని తిరిగేది, అయినా వీపు మీద ఎముకలు తేలాయి. ఎండలు, వయసు అనుకున్నాడు రత్తయ్య. ఒకరోజు సూర్యకుమారి వాకిలి ఊడుస్తూ ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇట్రా."

గేటు స్తంభం మొదట్లో చీమలు బారులు తీరి ఉన్నాయి.

"చీమలేగా" అన్నాడు రత్తయ్య.

"చీమలేగానా? ఏడేళ్ళ కింద మన దొడ్లో కూడా చీమలే పట్టినయ్. అప్పుడేమన్నావు? పంచదార డబ్బా ఒలికిందన్నావు."

రత్తయ్య చీమల్ని చూశాడు. తుఫానును చూశాడు. అది ఆయన చేతిలోకి చూస్తూ తోక ఊపుతోంది. ఆ రోజు శనివారం. చేతిలో దొన్నె ఉంది.

పశువుల డాక్టరు విల్సన్ గారు గేదెల వైద్యానికి పేరున్న మనిషి. కుక్కను బల్ల మీద నిలబెట్టి చూసి, షుగరే అనిపిస్తోందన్నారు. ఆ పరీక్ష అక్కడ లేదు, మనుషుల ల్యాబుకు పంపాలి. "కుక్క రక్తమంటే తీసుకోరు. ఊరికే పేరూ వయసూ రాసివ్వండి" అన్నారు. రత్తయ్య సీసా మీద చీటీ అంటించి, "తుఫాను, మగ, 11" అని రాశాడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు గదా అని సంతోషించాడు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. నాలుగు వందల ఇరవై. రత్తయ్యది ఎప్పుడూ అంత ఎక్కలేదు. శిష్యుడు గురువును మించాడు.

"దీనికి ఏం పెడతారండీ రోజూ?" అనడిగారు విల్సన్ గారు.

"ప్రసాదమండీ."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడేళ్ళుగా."

విల్సన్ గారు ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ఇంకొకరి దేవుడి ప్రసాదం గురించి ఏమన్నా బాగుండదని కాబోలు, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"దానివల్లే వచ్చిందా అండీ?" అన్నాడు రత్తయ్య గొంతు తగ్గించి.

"దానివల్లే అని నేను చెప్పలేను. తీపి తిన్న కుక్కలన్నిటికీ రాదు, తినని వాటికీ వస్తుంది. వయసుంది, ఒళ్ళు చెయ్యడం ఉంది. కాకపోతే మీరు పెట్టింది మేలు మాత్రం చేసుండదు."

రెండు తిట్లు తిట్టినా రత్తయ్య తేలిగ్గా ఇంటికి పోయేవాడు. అలా అనకుండా ఆయన ఇన్సులిన్ రాశారు. కుక్కలకు మాత్రలు పనిచెయ్యవట. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండి పెట్టాకే, బతికున్నంతకాలం.

"ఎవరు పొడుస్తారండీ?"

"మీరే. రోజుకు రెండుసార్లు నా దగ్గరికి తేలేరు గదా."

రత్తయ్యను కూడా ఆయన డాక్టరు ఇన్సులిన్‌కు మారమని ఏడాదిగా చెబుతున్నాడు. సూదంటే భయంతో ఆ మాట వచ్చినప్పుడల్లా, వచ్చే ఏకాదశి దాటాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చాడు. ఏడాదికి ఏకాదశులు ఇరవై నాలుగు. ఇప్పుడేమో ఆ సూది తన చేతిలోకే వచ్చింది. మూడు రోజులు బత్తాయిల మీద సాధన చేశాడు. సూర్యకుమారి ఆ బత్తాయిలు ముట్టనంది. నాలుగో రోజున తుఫాను మెడ వెనక తోలు చిటికెడు పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని పొడిచాడు. "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అన్నాడు. కుక్క కదల్లేదు. ఎవరికి ధైర్యం చెబుతున్నాడో అర్థంకాక వెనక్కి తిరిగి ఆయన మొహం నాకింది.

"దానికి పొడిచే ధైర్యం వచ్చింది గదా, అదే చేత్తో నువ్వూ ఒకటి పొడుచుకోరాదూ?" అంది సూర్యకుమారి.

"దానిది తోలే, నాది చర్మం" అన్నాడు రత్తయ్య.

మందు కోసం కోనేరు సెంటర్లో ఆరిఫ్ మందుల షాపుకు వెళ్ళేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆరిఫ్ ల్యాబు కాగితం చదివి నొచ్చుకున్నాడు. "పదకొండేళ్ళకే షుగరా బాబాయ్! పాపం, మనవడా?" అన్నాడు. కాదని చెబుదామని రత్తయ్య నోరు తెరిచాడు. పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. కుక్కకు ఇన్సులిన్ అంటే నవ్వుతారు. నవ్వితే కారణమడుగుతారు. అడిగితే ప్రసాదం దాకా వెళుతుంది. "ఇంట్లో వాడే" అన్నాడు. ఇదీ అబద్ధం కాదు. ఆ తర్వాత ఆరిఫ్ ఎప్పుడు కనిపించినా, "తుఫాను బాబు ఎట్టా ఉన్నాడు బాబాయ్? మా అమ్మ రోజూ నమాజులో వాడి కోసం దువా చేస్తోంది" అనేవాడు. ఆరిఫ్ తల్లి సాబిరమ్మ గారు పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులతో కూడా ఐదుపూటలా నమాజు తప్పని మనిషి. ఆమె మోకాళ్ళ మీద తాను చేరుస్తున్న బరువు తలచుకుని రత్తయ్య ఇంటికొచ్చి ఇంకో రెండు దణ్ణాలు ఎక్కువ పెట్టుకునేవాడు. అంతకుమించి చేసిందేమీ లేదు.

సూదులు మొదలయ్యాక మొదటిసారిగా ఏకాదశి వచ్చింది, అదీ తొలి ఏకాదశి. రత్తయ్య పొద్దున్నే లేచి, అలవాటుగా సూది వేశాడు. అలవాటుగానే తిండి పెట్టలేదు. పూజలో విష్ణు సహస్రనామం సగంలో ఉండగా వెనక ధబ్బున చప్పుడైంది. తుఫాను పక్కకి ఒరిగి కాళ్ళు కొట్టుకుంటోంది, నోట్లోంచి సొంగ కారుతోంది. సూర్యకుమారి వీధిలోని టెలిఫోన్ బూతుకు పరుగెత్తి విల్సన్ గారితో మాట్లాడి, అంతే వేగంగా తిరిగొచ్చింది.

"తిండి పెట్టకుండా సూది వేసినందుకంటయ్యా! పంచదార చిగుళ్ళకి రుద్దమన్నారు. వెంటనే!"

ఇంట్లో పంచదార లేదు. ఇద్దరు షుగరు రోగులున్న కొంపలో ఎందుకుంటుంది? రత్తయ్య వంటింట్లో డబ్బాలన్నీ తీశాడు. చివరికి ఆయన చెయ్యి దేవుడి ముందున్న నైవేద్యం మీద పడింది. కొట్లో కొనుక్కొచ్చి అప్పుడే పెట్టిన లడ్డు. ఇంకా హారతి కూడా ఇవ్వలేదు. ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం ఆగినందుకు తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు. లడ్డు చిదిమి నీళ్ళతో కలిపి చిగుళ్ళకి రుద్దాడు. పావుగంటకు తుఫాను లేచి, మూతి నాక్కుని, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

"దేవుడు రక్షించాడు" అన్నాడు రత్తయ్య చెమట తుడుచుకుంటూ.

"దేవుడు రక్షించాడు, సరే. పడేసిందెవరు?" అంది సూర్యకుమారి.

ఆనాటి నుంచి తుఫానుకు వారాలు లేవు, ఏకాదశులు లేవు. దానికి శనివారం పూట కూడా పెరట్లో వేరే పొయ్యి మీద ఉప్పు లేకుండా ఉడికించిన చేప, కొంచెం అన్నం. రత్తయ్య గుడివాడ వెళ్ళిన రోజు ఎన్ని బేరాలు మిగిలినా సాయంత్రం సూది వేళకు బండెక్కేవాడు. "మీ ఇంట్లో ఎవరికండీ బాగోలేదు?" అని గుడివాడ షావుకార్లు అడిగేవాళ్ళు. "మా వాడికి" అనేవాడు. ప్రసాదాన్ని మాత్రం ఇంకా వద్దనలేక ఇంటికి తెచ్చి గోడ మీద కాకులకు పెట్టేవాడు. కాకులకు షుగరు వస్తుందో రాదో విల్సన్ గారిని అడగాలనుకుని, ఏ సమాధానం వస్తుందోనని అడగలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. తుఫాను కళ్ళ మీద పాలపొర కమ్మింది. షుగరున్న కుక్కలకు ఇది మామూలేనన్నారు విల్సన్ గారు. మంచాలూ కుర్చీలూ కదపొద్దన్నారు. కదపలేదు. అది గోడ వాసన పట్టుకుని గేటు దాకా వెళ్ళొచ్చేది. తర్వాత వెనక కాళ్ళు పట్టేశాయి. రత్తయ్య తువ్వాలు పొట్ట కిందుగా వేసి, రెండు కొసలూ ఎత్తి పట్టుకుని నడిపించేవాడు. ముందు కుక్క, వెనక తువ్వాలు పట్టుకుని వంగిన రత్తయ్య. "స్వామి పల్లకీ వెళ్తోంది" అనేవాళ్ళు వీధిలో. రత్తయ్య కూడా నవ్వేవాడు. ఆయన మోసిన పల్లకీల్లో ఇదే బరువైనది.

రెండు వేల మూడు వానాకాలంలో తుఫాను తినడం మానేసింది. తాగిన నీళ్ళు కూడా కక్కుతోంది. విల్సన్ గారు ఇంటికే వచ్చి చూసి, పక్కకు పిలిచారు.

"కిడ్నీలు పోయాయి రత్తయ్య గారూ. ఇంక నేను చేసేదేమీ లేదు. నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే ఇంజక్షన్ ఉంది. వద్దనుకుంటే ఇలాగే నాలుగు రోజులో, వారమో. ఈ నాలుగు రోజులూ దానికి సుఖంగా ఉండవు. మీ ఇష్టం."

మీ ఇష్టం అన్న మాట రత్తయ్యకు సూది కన్నా పెద్ద భయం. ప్రాణం పోసినవాడు తీసుకోవాలిగానీ, మధ్యలో తానెవడు? అలాగని, ఆ పోసినవాడి తరఫున రెండేళ్ళుగా పొద్దునా సాయంత్రం సూదితో ప్రాణం నిలబెడుతున్నది ఎవడు? ఆయనకు తెగలేదు. వెళ్ళి ఆచార్యులు గారినడిగాడు.

"ప్రాణం తియ్యడం మన పని కాదు రత్తయ్యా" అన్నారాయన. తర్వాత గంట తుడుస్తూ, "బాధపడుతుంటే చూస్తూ కూర్చోవడమూ మన పని కాదనుకుంటా. శాస్త్రంలో కుక్కకని విడిగా ఎక్కడా చదవలేదు. నువ్వే స్వామినడుగు" అన్నారు.

అడగడానికి రత్తయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చీటీలు వెయ్యడం. కూతురి సంబంధం, ఇంటి స్థలం, ఆఖరికి గోడ రంగు కూడా దేవుడి ముందు చీటీలు వేసి తీసినవే. బుధవారం పొద్దున స్నానం చేసి, కేలండరు కాగితం రెండు ముక్కలు చించి కూర్చున్నాడు. మొదటి దాని మీద "వద్దు" అని రాశాడు. రెండో దాని మీద "సరే" అని రాయాలి. గడప దగ్గర పడుకున్న తుఫాను పెన్ను చప్పుడుకో, ఆయన ఊపిరి చప్పుడుకో తల ఎత్తి, కనబడని కళ్ళతో ఇటు తిరిగింది. రత్తయ్య చెయ్యి రెండో కాగితం మీద కూడా "వద్దు" అనే రాసింది. పొరపాటు పడ్డాను, చించి మళ్ళీ రాస్తాను అనుకున్నాడు. అనుకుంటూనే మడిచేశాడు.

"సూర్యకుమారీ, వచ్చి ఒకటి తియ్యి."

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి, దణ్ణం పెట్టి, ఒకటి తీసి విప్పింది. "సరే, ఆయనే వద్దంటే మనమేం చేస్తాం" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రత్తయ్యకు గుండె తేలికైంది. ఆ తేలిక ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తుఫాను రాత్రంతా మూలిగింది. గురువారం పక్కకు తిప్పబోతే కేకపెట్టింది. పదమూడేళ్ళలో అది ఆయన చేతి కింద కేకపెట్టడం అదే మొదలు. ఒంటేలు వచ్చినప్పుడు గేటు దాకా వెళ్ళాలని ముందు కాళ్ళతో పాకేది, సగం దారిలోనే పడిపోయి, తడిసిన చోట తల పక్కకు తిప్పుకునేది. రత్తయ్య తుడిచి, పొడిగోనె మార్చి, దేవుడిగది వైపు చూసేవాడు. నువ్వే వద్దన్నావు గదా అన్నట్టు చూడబోయి, చూపు దించుకునేవాడు.

శుక్రవారం పొద్దున సూర్యకుమారి దేవుడిగది కడుగుతోంది. పటాలు తుడుస్తూ, కుంకుమ భరిణె కింద ఉన్న రెండో చీటీ తీసింది. విప్పింది. వాకిట్లో తుఫాను పక్కన కూర్చున్న రత్తయ్య ముందుకొచ్చి నిలబడింది.

"దేవుడికెంత పట్టుదలో చూశావా అయ్యా? రెండిట్లోనూ ఒకే మాట చెప్పాడు."

రత్తయ్య పని దొంగకు తేలు కుట్టినట్టయింది.

"నీ ప్రసాదం వాడికి పెట్టావు. నీ ఏకాదశి వాడికి పెట్టావు. ఇప్పుడు నీ భయం కూడా వాడికే పెట్టావా?" గొంతు పెంచలేదు. కళ్ళు తుడుచుకుంది. "రెండు రోజులయ్యా. రెండు రోజులు వాడు నీ చేతిరాతని మోశాడు."

రత్తయ్య తలవంచుకుని కూర్చున్నాడు. దేవుడు తనకు అడ్డొచ్చిన సందర్భం ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటే దొరకలేదు. దేవుడి వెనక తాను నక్కిన సందర్భాలు మాత్రం వరసగా గుర్తొచ్చాయి. లేచి చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"డాక్టరు గారి దగ్గరికి. ఈసారి చీటీల్లేవు. నేనే చెప్పొస్తా."

విల్సన్ గారు పదింటికి వస్తానన్నారు. "ఇప్పుడు పథ్యమేమీ లేదు. దానికి ఏదిష్టమైతే అది పెట్టండి" అన్నారు. రత్తయ్య ఇంటికొచ్చాడు. దేవుడి ముందు పరమాన్నం ఉంది. దాని వంక చూడలేదు. చావిట్లో గంపలో చెయ్యి పెట్టి, మంచి ఎండు వంజరం ముక్క ఎంచి తీసి, వంటింట్లో పొయ్యి వెలిగించాడు.

"ఇయ్యాళ శుక్రవారం" అంది సూర్యకుమారి.

"తెలుసు."

శుక్రవారం పూట ఆ వంటింట్లో చేప కాలడం అదే మొదలు. వాసన వాకిట్లోకి వెళ్ళేసరికి తుఫాను ముక్కు కదిలింది. రత్తయ్య ముల్లు తీసి, మెత్తగా నలిపి వేలితో నోటికందించాడు. ఇన్ని రోజులుగా ఏమీ ముట్టనిది ఆ వేలు నాకింది. చిటికెడు మింగింది. తోక నేల మీద ఒకసారి, ఆగి మరొకసారి కొట్టింది. ఏడేళ్ళ ప్రసాదాన్నీ, ఈ రెండు రోజుల్నీ అది క్షమించినట్టు రత్తయ్యకనిపించింది. తర్వాత తనే సర్దుకున్నాడు. క్షమించాల్సింది అది కాదు, దానికి క్షమించడం తెలియదు, దానికి చేప తెలుసు.

విల్సన్ గారు వచ్చారు. మొదట మత్తు ఇంజక్షన్, అది పూర్తిగా నిద్రపోయాక రెండోది అని చెప్పారు. రత్తయ్య దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండేళ్ళూ ప్రతి సూదికీ కళ్ళు మూసుకున్నవాడు ఈసారి మూసుకోలేదు. "అయిపోయింది నాన్నా" అన్నాడు. నిజంగానే అయిపోయింది.

సరుగుడు తోట అంచున, నాగాయలంక నుంచి తెచ్చిన ఆ పాత గంపలోనే పెట్టి పూడ్చారు. పూడ్చేముందు రత్తయ్య దాని నోట్లో తులసి నీళ్ళు పోశాడు. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో ఆచార్యులు గారినడగలేదు.

వారం తర్వాత, సీలు విప్పని ఇన్సులిన్ సీసా తడిగుడ్డలో చుట్టుకుని ఆరిఫ్ షాపుకు వెళ్ళాడు. "ఇంక మాకక్కర్లేదు. లేనివాళ్ళెవరికైనా ఇవ్వు" అన్నాడు. ఆరిఫ్ మొహం పాలిపోయింది. కౌంటరు దాటి బయటికొచ్చి రత్తయ్య చేతులు పట్టుకున్నాడు.

"బాబు... పోయాడా బాబాయ్?"

షాపులో నలుగురున్నారు. అయినా రత్తయ్య చెప్పేశాడు. "బాబు కాదయ్యా. కుక్క. మా కుక్క పేరు తుఫాను. నీకు ముందే చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను. నేను తినకూడని తీపంతా దానికి పెట్టాను, అదీ సిగ్గుపడే."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం దగ్గాడు.

ఆరిఫ్ సీసా అందుకున్నాడు. "మా అమ్మ రెండేళ్ళు దువా చేసింది బాబాయ్."

"తెలుసు. పాపం ఆ పెద్దావిడ మోకాళ్ళు... వృథా చేశాను."

"దువా వృథా ఎట్టా పోద్ది? అల్లాకి పేరూ ఊరూ సరిగా చెప్పకపోతే దొరకదా ఏంటి? పదమూడేళ్ళు బతికింది గదా కుక్క." ఆరిఫ్ సీసా ఆయన చేతిలోనే పెట్టి, గొంతు తగ్గించాడు. "నువ్వు తినకూడని తీపన్నావు. అంటే నీకూ ఉందన్నమాట. ఫ్రిజ్‌లో పెట్టుకో బాబాయ్. మీ డాక్టరు గారినడిగి నువ్వే వాడు."

డాక్టరును అడిగాడు. ఎన్ని యూనిట్లో రాసిచ్చారు. మర్నాడు పొద్దున గడప మీద కూర్చుని, పొట్ట మీద చర్మం చిటికెడు ఎత్తి, సూది పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. "తోలేగా" అంది సూర్యకుమారి వెనక నుంచి. పొడుచుకున్నాడు. చీమ కుట్టినంత. ఇంతదానికా మూడేళ్ళు వాయిదా వేసింది అనుకున్నాడు.

శనివారం గుడికి వెళ్ళాడు. ఆచార్యులు గారు ఎప్పటిలాగే గరిటె నిండా చక్రపొంగలి తీశారు. రత్తయ్య దొన్నె వెనక్కి లాక్కున్నాడు. వెనక వరసలో నలుగురున్నారు.

"కొంచెం చాలండీ. నాకు షుగరు."

గరిటె గాల్లో ఆగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళండీ."

"ఇన్నాళ్ళూ చెప్పవేమయ్యా!" ఆచార్యులు గారు కిందికి వంగి, వెనకవాళ్ళకు వినబడకుండా అన్నారు. "నాకూ ఉంది. పన్నెండేళ్ళు. నేనూ ఒక్క మెతుకే నోట్లో వేసుకుంటా. ఎవరికీ చెప్పకు, పూజారికే షుగరంటే స్వామికి బాగోదు."

రత్తయ్యకు నవ్వొచ్చింది. వెంటనే ఇంకేదో తట్టి, నవ్వు ఆగిపోయింది.

"మరి మీ వంతు ప్రసాదమంతా ఏం చేస్తారండీ?"

"ఇంట్లో ఆవుందిగా. రోజూ దానికే పెడతా. సాక్షాత్తూ గోమాత, అంతకన్నా పుణ్యమేముంది?"

రత్తయ్య దొన్నెలోని ఒక్క మెతుకు కళ్ళకద్దుకున్నాడు. వెళ్ళబోయి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఆచార్యులు గారూ, ఏమీ అనుకోకండి. ఆవు ఈమధ్య నీళ్ళేమన్నా ఎక్కువ తాగుతోందా?"